మూడో తడి పరుపు

"రెండోసారి!" అంది కోడలు, సంచీని వంటగది గట్టు మీద బోర్లించి. "రెండోసారి పరుపు తడిసిందట. మూడోసారి తడిస్తే పిల్ల పేరు కొట్టేస్తామని రాసి పంపింది పిల్లల కేంద్రం మేడమ్. చదవండి, మీరే చదవండి."

సంచీలోంచి నాలుగు తడి గుడ్డలు జారిపడ్డాయి. వాటి వెనకే మడత పెట్టిన కాగితం.

కొడుకు చదవలేదు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతో నిలబడి గోడ గడియారం వైపు చూశాడు. ఆరూ ఇరవై. ఏడింటికి రొట్టెల వ్యాను బేకరీ గేటు దాటకపోతే ఉన్న ఒక్క రూటూ ఇంకొకడికి పోతుంది.

"నిన్న సాయంత్రం పిల్లను తెచ్చింది మీరేగా? సంచీ విప్పి చూడాలని తోచలేదా?"

"విప్పితే వాసనొస్తుంది."

"రాదూ మరి? మల్లెపూలు పెట్టి పంపించామా?"

తువ్వాలమ్మ నవ్వు ఆపుకుంది. ఇది నవ్వే సమయం కాదు. ఆమె ఒళ్ళో తొమ్మిది నెలల మనవరాలు కూర్చుని, కొత్తగా వచ్చిన రెండు పళ్ళతో నాయనమ్మ కొంగు కొరుకుతోంది. పుట్టినప్పుడు ఆసుపత్రి మొత్తం అదిరేలా ఏడ్చిందని దాన్ని అందరూ పిడుగు అంటారు. తువ్వాలమ్మకు ఆ పేరు వచ్చింది మాత్రం లాడ్జిలో. ఇరవై రెండేళ్ళుగా తువ్వాళ్ళు ఉతికి ఉతికి అసలు పేరు ఏ నీళ్ళలో కొట్టుకుపోయిందో ఆమెకే గుర్తులేదు.

"ప్యాకెట్ డైపర్లే కొనేద్దాం," అన్నాడు కొడుకు, రెండో బూటులో కాలు దూరుస్తూ.

"దేంతో? మీ బేకరీవాళ్ళు రెండో రూటు పీకేసి ఐదు వారాలైంది. ఉన్న ప్యాకెట్ రాత్రిళ్ళకి దాచి దాచి వాడుతున్నాను. అది అయిపోతే రాత్రి కూడా మేలుకొని కాపలా కాయాలి."

"అయితే గుడ్డలే సరిగ్గా చెయ్యండి. ఇద్దరు ఆడవాళ్ళున్నారు ఇంట్లో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక అతనికే తెలిసింది. బూటు తాడు మీదికి తల వంచేశాడు.

కోడలు నేల మీది గుడ్డ ఒకటి తీసి రెండు చేతులా చాపి పట్టుకుంది. ఆమె యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ల వరుసలో పని చేస్తుంది. లాడ్జి మేనేజరు పారేస్తున్న పాత దుప్పట్లు తువ్వాలమ్మ అడిగి తెస్తే, కోడలు వాటిని కోసి, ఒక్కోదానికి ఆరు పొరలు వేసి రెండు డజన్ల డైపర్లు కుట్టింది. కుట్టు నాది, ఉతుకు మీది అని ఆ రోజే ఒప్పందం.

"చూడండి. ఒక్క కుట్టు ఊడిందా? అంచు జారిందా? మా సూపర్‌వైజరు కూడా వంక పెట్టలేడు."

"ఉతుకులోనూ వంక లేదమ్మాయ్," అంది తువ్వాలమ్మ వెంటనే. "చెంపకి ఆనించి చూడు. వెన్నముద్ద. పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా దొరకదు ఆ మెత్తదనం."

"కుట్టులో లేదు, ఉతుకులో లేదు. మరి ఎక్కడుంది?" అన్నాడు కొడుకు.

పిడుగు గట్టిగా తుమ్మింది.

"ఆయా దగ్గరుంది," అంది కోడలు.

చేతిసంచీ జిప్పు లాగి ఇంకో కాగితం తీసింది. రాత్రే రాసినట్టుంది. గీతల కాగితం మీద గుండ్రటి అక్షరాలు, కింద ఆమె సంతకం. దాని పక్కన ఖాళీ.

"గంటకోసారి మార్చాల్సింది మూడు గంటలకోసారి మారుస్తోంది. ఏ గుడ్డయినా తడవక ఏం చేస్తుంది? ఇది ఆయా నిర్లక్ష్యమని తేలితే తడిసిన పరుపులు మన నెత్తిన పడవు. పిల్ల పేరు నిలుస్తుంది. పేరు నిలిస్తేనే నా ఉద్యోగం. దీన్ని మెడకు కట్టుకుని కాలర్లు కుట్టలేను కదా!"

"తేలకపోతే?" అన్నాడు కొడుకు.

"సాక్షి ఉంటే తేలుతుంది." కోడలు అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, ఆ రోజు మీరు పిల్లను తేవడానికి వెళ్ళేసరికి ఆయా ఫోన్ మాట్లాడుతోందని మీరే చెప్పారు."

చెప్పింది. నిజమే. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతోంది ఆయా. అయితే ఆ సమయంలో ఆమె రెండు చేతులూ ఇంకో పిల్లాడి గుడ్డ మారుస్తున్నాయి. ఆ రెండో సగం తువ్వాలమ్మ చెప్పలేదు. మొదటి సగమే వినడానికి రంజుగా ఉండింది.

"మాట్లాడిందిగానీ..."

"గానీ లేదు అత్తయ్యా. మాట్లాడిందా లేదా?"

"మాట్లాడింది."

"ఇక్కడ పెట్టండి."

కొడుకు అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. పెన్ను చేతిలో ఉంది. పిడుగు ఆ పెన్ను కోసం చెయ్యి చాపింది. తువ్వాలమ్మ పిల్లను ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో సంతకం పెట్టింది.

లాడ్జి కింది అంతస్తులో ఉతుకు గది. రెండు పెద్ద మెషిన్లు, బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు ఒకటి. కిటికీ లేదు. ఆవిరికి గోడల సున్నం ఎప్పుడూ చెమట పట్టినట్టు ఉంటుంది.

నాలుగు రోజులుగా ముసురు. ఇంట్లో తాడు మీద వేసిన గుడ్డ రెండు రోజులైనా ఆరడం లేదు. అందుకే మేనేజరు అనుమతితో మనవరాలి గుడ్డలు కూడా ఇక్కడికే తెస్తోంది తువ్వాలమ్మ. ఇంట్లో ఉతికి, ఇక్కడ ఆఖరి నీళ్ళలో ఒకసారి జాడించి, డ్రయ్యరులో వేసి, సాయంత్రం వెచ్చగా ఇంటికి తీసుకుపోతుంది. మూత గట్టిగా పట్టే నీలం రంగు డబ్బా వైపు ఆమె చెయ్యి దానంతటదే పోతుంది. ఆఖరి నీళ్ళలో సాఫ్ట్‌నర్ వెయ్యాలి, తువ్వాలు మెత్తబడాలి. ఇరవై రెండేళ్ళ అలవాటు. బయటి మనిషికి ఒక మూత వేస్తే మనవరాలికి రెండు మూతలు.

ముసురు పట్టకముందు కూడా అంతే. డబ్బా అడుగున మిగిలింది చిన్న సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చుకునేది.

పదిన్నరకు గోడ ఫోను మోగింది. మెషిన్లు నడిపే ఆయన తీశాడు. అందరూ ఆయన్ని మెషినాయన అంటారు. ఊఁ కొట్టాడు, ఊఁ కొట్టాడు, పెట్టేశాడు.

"పద్నాలుగో గది అతిథి కిందికి దిగొచ్చి గోల చేస్తున్నాడట అక్కా. ఈ తువ్వాలుతో తుడుచుకుంటే నీళ్ళు ఒంటి మీద అటూ ఇటూ తిరుగుతున్నాయిగానీ పోవడం లేదట. నన్ను ప్లాస్టిక్ కాగితంతో తుడుస్తారా అంటున్నాడట."

"వాడి ఒళ్ళు చూసుకోమను. మా తువ్వాలుకి వంకా?"

"వంకే. నువ్వు ఆ నీలం డబ్బా మందు మళ్ళీ ఎక్కువ పోస్తున్నావు. నీకెన్నిసార్లు చెప్పాలి? మందు తాగిన తువ్వాలు నీళ్ళు తాగదు."

తువ్వాలమ్మ చెయ్యి డబ్బా మూత మీదే ఆగింది.

"ఏమన్నావు తమ్ముడూ?"

"ఇదేం కొత్త సంగతా? అది నూనెలాంటిది. దారం మీద పొరలాగా పట్టేస్తుంది. మెత్తగా ఉంటుంది, నీళ్ళు మాత్రం లోపలికి పోవు. ఒక్కో ఉతుకుకీ ఒక్కో పొర. దుప్పట్లకి మందు వెయ్యం కాబట్టి వాటికి ఈ పీడ లేదు."

తువ్వాలమ్మ డ్రయ్యరు దగ్గరికి వెళ్ళింది. వెచ్చగా ఉన్న డైపరు ఒకటి తీసి బల్ల మీద పరిచింది. పక్కనే నేల తుడవడానికి చింపిన దుప్పటి ముక్క ఒకటి పెట్టింది. మెషినాయన నీళ్ళ సీసాలోంచి రెండిటి మీదా చెరొక చుక్క వేసింది.

దుప్పటి ముక్క మీది చుక్క కనపడకుండా పోయింది.

డైపరు మీది చుక్క అలాగే నిలబడింది. గుండ్రంగా, మెరుస్తూ. ఆమె గుడ్డ అంచు కొంచెం ఎత్తేసరికి పాదరసంలా దొర్లి బల్ల మీది నుంచి ఆమె కాలి మీద పడింది.

"అరె," అన్నాడు మెషినాయన. "ఇవి పాపవా?"

ఇంట్లో ఈ సంగతి ఎందుకు బయటపడలేదో ఆమెకు అప్పుడర్థమైంది. ఇంట్లో పిడుగు ముక్కు చిట్లిస్తే చాలు, గుడ్డ మార్చేసేది తను. రాత్రికి ప్యాకెట్ డైపరు. గంటసేపు ఒకే గుడ్డ ఉండేది పిల్లల కేంద్రంలోనే.

ఆరేసి పొరలు. రెండేసి మూతలు. ఐదు వారాలు.

"ఇది పోవాలంటే?"

"సలసల కాగే నీళ్ళు. సబ్బు కొంచెం. మందు చుక్క కూడా వద్దు. నాలుగైదు సార్లు జాడిస్తే దిగుతుంది. ఎక్కడికి అక్కా? పద్నాలుగో గది తువ్వాలు..."

"నీ రెండు చేతులూ ఉన్నాయిగా!"

నేల తుడిచే దుప్పటి ముక్కల్లో ఉతికినవి ఆరు ఏరి సంచీలో కుక్కుకుంది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు కలుక్కుమంది. ఆగలేదు.

బస్సు రెండు స్టాపులు పోయి మలుపులో నిలబడిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగింది. తువ్వాలమ్మ దిగి నడక మొదలుపెట్టింది. టైర్ల కొట్టు, తాళాల కొట్టు, మూసేసిన ఫొటో స్టూడియో. సన్నటి చినుకు ముఖం మీద పడుతోంది. ఆమెకు తడి తెలియడం లేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడేది తన నాలుక కూడా కాదు. ఎవరో పరాయి ఆడమనిషి అన్నం ఊడుతుంది.

నిజం చెబితే పిల్ల పేరు పోతుంది. పేరుతోపాటు కోడలి ఉద్యోగం. చెప్పకపోతే ఆయా పోతుంది.

మూడో దారి ఒకటి ఉంది. ఆమె మనసు దానివైపే పరుగెడుతోంది. ఎవరికీ తెలియకుండా ఆ డైపర్లు తీసేసి ఈ దుప్పటి ముక్కలు కట్టేస్తే? మూడో పరుపు తడవకపోతే? కోడలు కాగితం ఇంకా సంచీలోనే ఉండొచ్చు. మధ్యాహ్నం భోజనం బెల్లుకు ఇద్దామని ఆగి ఉండొచ్చు.

ఆగి ఉంటే బాగుండును.

పిల్లల కేంద్రం ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉంది. తలుపు తీయగానే మొదట కనిపించింది బెంచీ. దాని మీద ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో మూడు నెలల బిడ్డ, చేతిలో నింపిన ఫారం. తువ్వాలమ్మను చూసి కొంచెం జరిగింది, చోటిస్తున్నట్టు.

లోపల ఆయా తొట్టెల మధ్య నిలబడి ఏప్రన్ మడత పెడుతోంది. విప్పేసిన ఏప్రన్.

"ఆలస్యమైంది పెద్దమ్మా," అంది సంచీలోకి చూసి. "పదిన్నరకే తడిసింది. మూడోది. మేడమే స్వయంగా ఎత్తుకుంది, ఆవిడ చీర కూడా తడిసింది."

"మరి నువ్వు..."

"నేనెన్నాళ్ళని దాచను? మీ గుడ్డ తాగదు. మొదటివారమే మీ కోడలికి చెప్పాను. నా కుట్టుకే వంక పెడతావా అని గయ్యిమంది. సరే, మనకెందుకని నా తువ్వాలు మడిచి పాప కింద వేస్తూ వచ్చాను. తడిస్తే నాదే తడిసేది. ఈ వానకి అది ఆరలేదు. రెండుసార్లు వెయ్యలేకపోయాను. రెండుసార్లూ కాగితం వెళ్ళింది. ఇవాళా ఆరలేదు."

కిటికీ ఊచకు నలిగిన పచ్చ తువ్వాలు ఒకటి వేలాడుతోంది. ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది.

తువ్వాలమ్మ ఆ తువ్వాలు అంచు పట్టుకుని పిండింది.

"రండి లోపలికి," అని గది లోంచి గొంతు. "రెండో సంతకం మీదే కదా? మంచి సమయానికి వచ్చారు."

మేడమ్ బల్ల ముందు కోడలు నిలబడి ఉంది. కుట్టు వరుసలోంచి తిన్నగా వచ్చినట్టుంది, జడకు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. అత్తగారిని చూసి ముందు ఆశ్చర్యపోయింది, వెంటనే ముఖం తేటపడింది. సాక్షి తనంత తనే నడిచొచ్చింది మరి.

మేడమ్ గీతల కాగితాన్ని బల్ల మీద తిప్పి పెట్టింది. అరిచే మనిషి కాదు. చీర కుచ్చిళ్ళ మీద తడి మరక ఉంది, దాన్ని చేత్తో దూరంగా పట్టుకుని మాట్లాడుతోంది.

"చూడండమ్మా. నాకు పరుపులు పదహారు. గుడ్డ డైపర్లు ఇంకా నలుగురు పిల్లలకి వాడుతున్నారు, ఒక్కటీ కారలేదు. ఈ కాగితం నిజమైతే ఆయా వెళ్తుంది, మీ పాప ఉంటుంది. నిజం కాకపోతే పాప పేరు కొట్టేస్తాను. బయట బెంచీ మీదావిడ మూడు నెలలుగా నా చుట్టూ తిరుగుతోంది. ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఆయా పని మానేసి ఫోన్ మాట్లాడడం మీరు కళ్ళారా చూశారా?"

"చెప్పండి అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

తువ్వాలమ్మ కోడలి చేతులు చూసింది. చూపుడువేలి కొస మీద సూది గుచ్చుకున్న చుక్కలు. రాత్రుళ్ళు కూర్చుని ఆరేసి పొరలు కలిపి కుట్టినప్పటివి. ఆ వేలు ఇప్పుడు బల్ల అంచును నొక్కుతోంది.

"ఫోన్ మాట్లాడుతోంది," అంది తువ్వాలమ్మ.

కోడలు ఊపిరి వదిలింది.

"పని మానలేదు. ఫోన్ భుజం మీదుంది. చేతులు పిల్లాడి దగ్గరున్నాయి. నేను సగమే చెప్పాను."

"అత్తయ్యా!"

"ఉండమ్మాయ్. తప్పు ఆయాది కాదు. నీ కుట్టుదీ కాదు. నాది. తువ్వాళ్ళకి వేసే సాఫ్ట్‌నర్ ఈ గుడ్డలకి వేశాను. మెత్తగా ఉండాలని వేశాను. రెండేసి మూతలు. అది వేస్తే గుడ్డ నీళ్ళు పీల్చదట. నాకు ఇవాళే తెలిసింది. ఇరవై రెండేళ్ళు వేస్తూ ఇవాళ తెలుసుకున్నాను."

బయట బెంచీ మీది బిడ్డ ఒకసారి కీచుమని ఆగింది.

కోడలు అరుస్తుందనుకుంది తువ్వాలమ్మ. అరిస్తే బాగుండుననుకుంది. కోడలు అత్తగారి ముఖం వైపే చూస్తోంది, తెలిసినవాళ్ళలా ఉన్నారే ఎవరబ్బా అన్నట్టు.

మేడమ్ కాగితాన్ని పక్కకు జరిపింది. పెద్ద పుస్తకం ముందుకు లాక్కుంది. వేలితో వరుస వెతికి పెన్ను మూత తీసింది.

"నిజం చెప్పినందుకు సంతోషం. మూడు అంటే మూడే. ఈ పాపకొక లెక్క, ఆ పాపకొక లెక్క పెట్టలేను. ఆయా! ఏప్రన్ వేసుకో. పాపను తెచ్చి వీళ్ళకిచ్చెయ్యి."

బెంచీ మీదామె లేచి గుమ్మంలోకి వచ్చింది. ఫారం గుండెలకు అదుముకుని, వీళ్ళిద్దరి ముఖాలూ చూడకుండా, నేల చూస్తూ నిలబడింది.

ఆయా ఏప్రన్ వేసుకుంది. నాడాలు వెనక్కి కట్టుకుంది. తొట్టి దాకా వెళ్ళింది. వంగింది. చేతులు చాపకుండానే మళ్ళీ నిటారుగా నిలబడింది.

"పడుకుంది మేడమ్."

"అయితే?"

"పడుకున్న పిల్లని ఎత్తకూడదని మీరేగా గోడ మీద రాయించారు. లేచాక ఇస్తాను."

మేడమ్ ఆయా వైపు చూసింది. ఆయా గోడ వైపు చూసింది.

"లేచేదాకా," అంది మేడమ్, పెన్నుకు మూత పెట్టి. "ఒక్క క్షణం ఎక్కువ కాదు."

బెంచీ చప్పుడైంది. ఆమె మళ్ళీ కూర్చుంది.

ఆయా తువ్వాలమ్మ పక్కగా వచ్చి గొంతు తగ్గించింది. "వెనక పాలు కాచే పొయ్యి ఉంది. పెద్ద గిన్నె ఉంది. ఆ మందు ఎంతసేపట్లో దిగుతుంది? ఒక్కటి బాగు చేసి చూపించినా మేడమ్ మనసు మారుతుందేమో. మారకపోవచ్చు. చూడండి."

తువ్వాలమ్మ తొట్టి పక్కనున్న పాప తడి గుడ్డల సంచీ కోసం వంగింది. అంతకు ముందే ఇంకో చెయ్యి వచ్చి సంచీ లాక్కుంది. వేలి కొస మీద సూది చుక్కలున్న చెయ్యి.

"మీరు ముట్టుకోకండి," అంది కోడలు. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "ఇవాళే కాదు, ఇంకెప్పుడూ ముట్టుకోకండి. ఇంటికెళ్ళి మీ అబ్బాయికి మీరే చెప్పండి."

"ఎన్నిసార్లు జాడించాలో నీకు తెలీదే..."

"తెలుసుకుంటాను."

"నీళ్ళు సలసల కాగాలి. సబ్బు చిటికెడే..."

కోడలు వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసేసింది. లోపల గిన్నె మోగింది, కుళాయి తిరిగింది, పొయ్యి భగ్గుమంది.

తువ్వాలమ్మ మూసిన తలుపు ముందు ఖాళీ చేతులతో నిలబడింది. ఇంటికి వెళ్ళాలా, నిలబడాలా తెలియలేదు. నీళ్ళు ఇంకా గోరువెచ్చన కూడా అయి ఉండవు. ఎన్ని నిమిషాలు పడుతుందో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే తొట్టిలోంచి ఒక చిన్న కాలు పైకి లేచింది. దుప్పటిని ఒక్క తన్ను తన్నింది.